లైబ్రరీ కార్డుతో ఫ్రీగా సినిమాలు: ఇక్కడ మనకి దారేమిటి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి, ఒడిశా)

అందరికీ నమస్కారం. నాలుగేళ్లు అమెరికాలో, ఒహాయోలో ఉండి, చదువూ కొన్నాళ్ల ఉద్యోగమూ అయ్యాక ఈమధ్యే పర్లాకిమిడి వచ్చేశాను. అక్కడివి చాలావాటికి నాకు పెద్ద బెంగ లేదు గానీ ఒక్కటి మాత్రం రోజూ గుర్తొస్తోంది, లైబ్రరీ కార్డు. పర్సులో ఇంకా ఉంది, మూలలు తెల్లబడి, వెనక నంబరు సగం చెరిగిపోయి. గడువు ఎప్పుడో అయిపోయింది, పారేయబుద్ధి కావట్లేదు.

ఆ కార్డు నంబరుతో కానోపీ, హూప్లా అని రెండు యాప్‌లలో సినిమాలు చూసేదాన్ని. నెలకి రూపాయి కట్టక్కర్లేదు, మధ్యలో యాడ్స్ ఉండవు. కానోపీలో లైబ్రరీ నెలకి కొన్ని టికెట్లు ఇస్తుంది, ఒక్కో సినిమాకి ఇన్ని టికెట్లు అని ఉంటుంది. హూప్లాలో సినిమా తీసుకుంటే 72 గంటలు మనదే. థియేటర్లో ఆడనివి, పెద్ద ఓటీటీల్లో పేరే కనిపించనివి ఎన్ని చూశానో. చార్లెస్ బర్నెట్ అనే ఆయన తీసిన 'కిల్లర్ ఆఫ్ షీప్' అలాగే చూశాను. లాస్ ఏంజిలిస్‌లో వాట్స్ అనే నల్లవాళ్ల పేట, గొర్రెల్ని కోసే చోట పనిచేసే మనిషి, ఇంటికొస్తే నిద్రపట్టదు. కథ అంటూ పెద్దగా ఏమీ జరగదు. పిల్లలు ఒక మేడ మీంచి ఇంకో మేడ మీదకి దూకుతుంటే కెమెరా కింద నిలబడి చూస్తుంది, అంతే. ఆ ఒక్క దృశ్యం కోసమే రెండోసారి చూశాను.

ఇప్పుడు నా ప్రశ్నలు రెండు. మన వైపు ఉంటూ ఇలాంటి సినిమాలు దొంగ లింకులు కాకుండా, డబ్బు కట్టకుండా చూడాలంటే ఎక్కడ? రెండోది మా తాతయ్య కోసం. ఆయనకి 84. చిన్నప్పుడు పాతపట్నంలో డేరా టాకీలో 'బంగారు పాప' చూశారట, మళ్లీ ఒక్కసారి చూడాలని అడుగుతున్నారు.

క్లీవ్‌ల్యాండ్_జయపురం

చెల్లీ, నేనూ జయపురం పిల్లాడినే, ప్రస్తుతం ఒహాయోలోనే ఉన్నాను కాబట్టి మొదటి ముక్క నేను చెప్తాను. ఇక్కడ ఆ యాప్‌లు ఫ్రీ అని మనం అంటాం గానీ డబ్బు లైబ్రరీ కడుతుంది. మనం సినిమా చూసిన ప్రతిసారీ లైబ్రరీకి ఖర్చు పడుతుంది, అందుకే టికెట్ల లెక్క. 2019 జూలైలో న్యూయార్క్, బ్రూక్లిన్, క్వీన్స్ లైబ్రరీలు మూడూ ఖర్చు భరించలేమని కానోపీ మానేశాయి. అంత పెద్ద ఊళ్లోనే అలా జరిగింది. లైబ్రరీకి ఆ డబ్బు ఎక్కడిదంటే కొంత రాష్ట్రం ఇస్తుంది, కొంత ఊరివాళ్లు ఇంటి పన్నుతో పాటు కడతారు, దానికి ఓటింగ్ కూడా పెడతారు. మా వీధిలో ఎన్నికల ముందు లైబ్రరీకి ఓటెయ్యండని ఇళ్ల ముందు బోర్డులు పాతుకుంటారు, మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

కాబట్టి మన ఊళ్లో ఉండి ఆ యాప్‌లు వాడాలంటే కుదరదు. ఏ ఊళ్లో ఉండేవాళ్లకి ఆ ఊరి కార్డు. వేరేవాళ్ల కార్డు నంబరు పుచ్చుకుని వాడమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ఆ టికెట్లు ఆ ఊరివాళ్లవి.

బరంపురం_పట్టు

అమ్మా మహేంద్రతనయా, ఇంటి పన్ను మాట వచ్చింది కాబట్టి ఒక మాట. సరిహద్దు దాటి ఇచ్ఛాపురం వెళ్తే ఆంధ్రాలో ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు, 1960 నాటి చట్టం. మన ఒడిశాలో గ్రంథాలయ చట్టం 2001లో వచ్చింది గానీ ఆ పన్ను లేదు. అందుకని మన దగ్గర లైబ్రరీకి వెళ్లి సినిమాల యాప్‌కి చందా కట్టండి అంటే పాపం వాళ్లేం చేస్తారు? నేను రోజూ పొద్దున్న వెళ్లే రీడింగ్ రూములో తెలుగు పేపరు ఒక్కటే వస్తుంది, దానికి ఆరుగురం కూర్చుంటాం, పేజీలు విడదీసుకుని.

సినిమాల సంగతి తర్వాత రాస్తాను, షాపుకి టైమైంది.

రాయగడ_ప్యాసింజర్

నేను చాలాకాలంగా ఇదే పనిలో ఉన్నాను, తెలిసినంత చెప్తాను. ఇంటర్నెట్ ఆర్కైవ్ అని ఒకటుంది, 1996లో మొదలైంది, అది కూడా లైబ్రరీయే, కార్డు కూడా అక్కర్లేదు. హక్కులు తీరిపోయిన పాత సినిమాలు అందులో బోలెడు. ఇందులో ఉన్న గొప్ప సుఖం ఏమిటంటే సినిమాని డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు. మా వైపు కొండల్లో సిగ్నల్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలీదు, రాత్రి పెట్టేసి పడుకుంటే పొద్దున్నకి సినిమా దిగి ఉంటుంది. ఒకటే జాగ్రత్త, అక్కడ ఎవరైనా ఎక్కించొచ్చు కాబట్టి కొత్త సినిమా ఏదైనా కనపడితే ముట్టుకోకండి.

అమెరికా వాళ్ల జాతీయ గ్రంథాలయం, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, వాళ్లు కూడా 'నేషనల్ స్క్రీనింగ్ రూమ్' అని పెట్టి పాత చిత్రాలు ఉచితంగా చూపిస్తున్నారు. కెనడా ప్రభుత్వ సంస్థ నేషనల్ ఫిల్మ్ బోర్డు, 1939 నుంచి ఉన్నది, తన సైటులో వేలకొద్దీ డాక్యుమెంటరీలూ బొమ్మల చిత్రాలూ ఊరికే పెట్టింది. అందులో నార్మన్ మెక్‌లారెన్ తీసిన 'నైబర్స్' తప్పకుండా చూడండి. 1952 నాటిది, ఎనిమిది నిమిషాలే, ఒక్క మాట లేదు. పక్కపక్క ఇళ్లవాళ్లు ఇద్దరు, మధ్యలో ఒక పువ్వు పూస్తుంది, అది నాదంటే నాదని మొదలవుతుంది. మనుషుల్నే బొమ్మల్లా ఒక్కో ఫోటోగా తీసి కదిలించాడు. దానికి ఆస్కార్ వచ్చింది.

ఇక నా ప్రాణం 'ది జనరల్'. 1926, బస్టర్ కీటన్. మూకీ. రైలింజను డ్రైవరు కథ. నౌపడా నుంచి గుణుపురం దాకా మన చిన్న రైలు నడిచిన రోజులు గుర్తున్నవాళ్లు ఎవరైనా సరే ఈ సినిమా చూస్తే కదలరు. కీటన్ కదులుతున్న ఇంజను ముందు కూర్చుని పట్టాల మీద అడ్డంగా పడి ఉన్న దుంగని ఇంకో దుంగతో కొట్టి ఎగరగొడతాడు, ఏ ట్రిక్కూ లేదు, నిజంగానే చేశాడు. చివర్లో వంతెన కూలి ఇంజను నదిలో పడిపోయేది కూడా నిజం ఇంజనే. ఆ ఇనుము రెండో ప్రపంచ యుద్ధం దాకా ఒరెగాన్‌లో ఆ నదిలోనే పడి ఉంది.

గుణుపురం_గట్టు

రాయగడ అన్నా, చిన్న రైలు మాట ఎత్తారు, మా నాన్న ఆ రైలు ఎక్కి పర్లాకిమిడి కాలేజీకి వెళ్లేవారు. ఈ సినిమా ఈ రాత్రికే దించుతున్నాను.

మహేంద్రతనయ

అందరికీ థాంక్స్. రాయగడ అన్నయ్యా, 'నైబర్స్' ఇప్పుడే చూశాను. మా పక్కింటి ఒడియా మావుసీకి కూడా చూపించాను, ఆవిడ మొదట్లో నవ్వి, చివరికొచ్చేసరికి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మాటలు లేకపోవడం ఎంత మేలో అప్పుడు తెలిసింది.

నా వంతుగా ఒకటి చెప్తాను. ఫ్రెడరిక్ వైజ్‌మన్ డాక్యుమెంటరీలు 2018లో కానోపీలోకి వచ్చాయి. అందులో 'ఎక్స్ లిబ్రిస్' అని 2017 చిత్రం, న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ గురించే. మూడు గంటల 17 నిమిషాలు. వెనక నుంచి వ్యాఖ్యానం ఉండదు, ఎవర్నీ ప్రశ్నలు అడగడు, కెమెరా పెట్టి కూర్చుంటాడు. ఫోన్లో అడిగే ప్రశ్నలకి సిబ్బంది ఓపిగ్గా జవాబులు చెప్పడం, ఇంట్లో ఇంటర్నెట్ లేనివాళ్లకి ఆ పరికరం అరువిచ్చి పంపడం, డబ్బు ఎక్కణ్నుంచి తేవాలని మీటింగుల్లో తలలు పట్టుకోవడం. అమెరికాలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీ కార్డుతో తప్పకుండా చూడండి.

తాతయ్య సినిమా సంగతి ఎవరూ చెప్పలేదు.

జయపురం_మాస్టారు

పాపా, 'బంగారు పాప' 1955 నాటిది. బి.ఎన్.రెడ్డిగారి సినిమా. జార్జ్ ఎలియట్ అనే ఇంగ్లీషు రచయిత్రి 'సైలస్ మార్నర్' నవల ఆధారం, కథని మన నేల మీదకి తెచ్చిన రచయిత పాలగుమ్మి పద్మరాజుగారు. ఎస్వీ రంగారావుగారు కోటయ్య. పగతో జైలు నుంచి వచ్చిన మనిషికి దారిలో పసిపిల్ల దొరుకుతుంది, ఆ పిల్లని ఎత్తుకున్న దగ్గర్నుంచి ఆయన చేతులు చూడాలి. అంత పెద్ద చేతులు, పిల్లని పట్టుకోవడం రాని చేతులు. మాంత్రికుడి వేషంలోనో కీచకుడిగానో మాత్రమే ఆయన్ని ఎరిగినవాళ్లు ఇది చూడాలి.

యూట్యూబులో పూర్తి సినిమా ఉంది. చట్టం సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే చాలామంది పాతదైతే చాలు అనుకుంటారు. మన దేశంలో సినిమా హక్కు అది విడుదలైన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు. అంటే 1955 సినిమా హక్కు 2015 డిసెంబరు 31తో తీరింది. కానీ పాట రాసినవారి హక్కు, స్వరం కట్టినవారి హక్కు వేరు, వాళ్లు పోయిన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఇంట్లో చూసుకోవడానికి దీనితో పనిలేదు. పదిమందిలో వేస్తే మాత్రం ఆలోచించాలి.

మహేంద్రతనయ

మాస్టారూ, దొరికింది! నిన్న రాత్రి తాతయ్యకి ఫోనులో పెట్టి ఇచ్చాను. రెండు చేతులతో ఫోను పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. వేలు తగిలి బొమ్మ నిలువుగా తిరిగిపోతే, "పోయింది, పోయింది" అని కంగారు. సరిచేసి ఇచ్చాను. రంగారావుగారి గొంతు వినిపించగానే ఫోను చెవికి ఆనించుకున్నారు, బొమ్మ చూడటం మానేసి. అలా ఓ పది నిమిషాలు వింటూనే ఉన్నారు. నాకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇలా కాదు, పెద్ద బొమ్మ మీద చూపించాలి.

బరంపురం_పట్టు

ఇప్పుడు తీరిక దొరికింది. 'బంగారు పాప' చూశాక ఇంకా వెనక్కి వెళ్లాలనిపిస్తే 'మాలపిల్ల' చూడండి. 1938. గూడవల్లి రామబ్రహ్మంగారు తీశారు, చలం కథ, తాపీ ధర్మారావుగారి మాటలు, కాంచనమాల. గుళ్లోకి అందర్నీ రానివ్వాలి అని ఆ రోజుల్లో తీసిన సినిమా. మాటలు వింటుంటే మాకు ప్రత్యేకంగా తోస్తుంది, ఎందుకంటే మనుషులు మాట్లాడినట్టే రాయాలని గిడుగు రామమూర్తిగారు పోరాడింది మీ పర్లాకిమిడి నుంచే కదా. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని ఆ సినిమా వినడం వేరు.

హక్కులు తీరనివైనా అందరూ వెతకాల్సినవి కొన్ని చెప్తాను. మృణాల్ సేన్ బెంగాలీ, అయినా తెలుగులో 1977లో 'ఒక ఊరి కథ' తీశారు, ప్రేమ్‌చంద్ 'కఫన్' కథ. వాసుదేవరావు తండ్రిగా వేశారు. పని చేస్తే లాభం ఎవరికి, అందుకే నేను చెయ్యను అనే ముసలాడు. చూశాక రెండు రోజులు అన్నం దగ్గర కూర్చుంటే అదే గుర్తొచ్చింది నాకు. అదే సేన్ అంతకుముందు 1966లో ఒడియాలో 'మాటిర మణిష' తీశారు, కాళిందీచరణ్ పాణిగ్రాహి నవల. 1976లో 'మృగయా', అది హిందీ, కానీ కథ ఒడియా రచయిత భగవతీచరణ్ పాణిగ్రాహిది. మన రెండు భాషల్నీ పట్టుకున్న బయటి దర్శకుడు ఇంకెవరున్నారు?

బి.నర్సింగరావుగారి 'దాసి' కూడా. 1988. అర్చన. దొర గడీలో పనిచేసే అమ్మాయి. మాటలు చాలా తక్కువ.

క్లీవ్‌ల్యాండ్_జయపురం

బాబాయ్ గారూ, ఒడియా సినిమా అంటే 'మాయా మిరిగ' మరిచారేం? నీరద్ మహాపాత్ర, 1984. పూరీలో ఒక హెడ్‌మాస్టారి ఉమ్మడి కుటుంబం, పిల్లలు చదువుకుని ఒక్కొక్కరే జారుకోవడం. మా ఇంటి కథలా ఉంటుంది, నేనూ అలా జారుకున్నవాడినే కాబట్టి చూడటం కష్టమైంది. ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు బాగుచేయించిన ప్రింటు 2024లో ఇటలీలో బొలోన్యా ఉత్సవంలో వేశారు.

బరంపురం_పట్టు

మరవలేదు నాయనా, అది పెద్ద తెర మీద చూడాలని దాచుకున్నాను.

రాయగడ_ప్యాసింజర్

మన ప్రభుత్వం వైపు నుంచి కూడా దారులున్నాయి. 1948లో పెట్టిన ఫిల్మ్స్ డివిజన్ చిత్రాలు యూట్యూబులో చాలా ఉన్నాయి. 2022లో ఆ సంస్థని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో, అంటే ఎన్‌ఎఫ్‌డీసీలో, కలిపేశారు, వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. ఎస్.ఎన్.ఎస్.శాస్త్రి తీసిన 'ఐ యామ్ 20' అని 1967ది ఒకటి. దేశం పుట్టిన ఏడాదే పుట్టిన కుర్రవాళ్లని ఇరవయ్యేళ్లకి కలిసి మీకేం కావాలి అని అడుగుతారు. ఇరవై నిమిషాలు కూడా లేదు. మన ఒడిశావాడే ప్రమోద్ పతి తీసిన 'ఎక్స్‌ప్లోరర్', 1968, చూడండి. అది మొదటిసారి అర్థం కాకపోయినా ఫర్వాలేదు, చప్పుడూ బొమ్మా పోటీ పడతాయి. ప్రసార భారతి వాళ్లది వేవ్స్ అనే యాప్ కూడా ఉంది, 2024 నవంబరులో వచ్చింది, దూరదర్శన్ పాత సరుకు కావలసినవాళ్లు అందులో తిరగండి.

గుణుపురం_గట్టు

'ది జనరల్' చూశాను. నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. ఇంజనులోకి కట్టెలు వేసే చోట నాన్న లేచి నిలబడిపోయారు. ఇంతకన్నా ఏం రాయను.

ఒక డౌటు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అదే సినిమా అయిదారు కాపీలున్నాయి, వేరువేరు సంగీతాలతో. ఏది మంచిది?

రాయగడ_ప్యాసింజర్

తమ్ముడూ, బొమ్మ స్పష్టంగా ఉన్నది, ఫైలు సైజు పెద్దది తీసుకో. మూకీకి సంగీతం తర్వాత చేర్చినదే కాబట్టి అది నచ్చకపోతే సౌండు తీసేసి మనకి నచ్చింది పెట్టుకోవచ్చు. నేనైతే సౌండు లేకుండానే చూస్తాను.

మహేంద్రతనయ

ఒక ఆలోచన వచ్చింది, తప్పయితే చెప్పండి. మా సాహిలో, అంటే మా వీధిలో, మేడ మీద శనివారం సాయంత్రం తెర కట్టి వేద్దామనుకుంటున్నాను. మా అన్నయ్య ఆఫీసు పని కోసం కొన్న చిన్న ప్రొజెక్టరు ఉంది. తాతయ్య, మావుసీ కుటుంబం, ఇంకో నాలుగిళ్లవాళ్లు. టికెట్టు లేదు, ఏమీ లేదు.

జయపురం_మాస్టారు

మంచి పని పాపా. కానీ నేను ముందే చెప్పినట్టు కొంచెం చూసుకో. కెనడా వాళ్ల చిత్రాలు ఇంట్లో చూసుకోవడానికి ఉచితం, పదిమందికి వేయాలంటే వాళ్లని అడగాలి. మెయిల్ రాయి. 'ది జనరల్' కి అడ్డేమీ లేదు, సంగీతం లేని కాపీ అయితే మరీ నిశ్చింత. 'బంగారు పాప' పాటల దగ్గర పేచీ ఉంది కాబట్టి దాన్ని మీ ఇంట్లోనే, మీ ఇంటి మనుషులకి, గోడ మీద వేసి చూపించు. తాతగారికి కావలసింది అదే కదా.

బరంపురం_పట్టు

తెరకి తెల్ల దుప్పటి వాడతావేమో, ముడతలు లేకుండా ఇస్త్రీ చేసి నాలుగు మూలలా తాడు బిగించి కట్టు, కిందన వెదురు కర్ర దూర్చితే గాలికి ఊగదు. డేరా టాకీల్లో అలాగే చేసేవారు. తెర వెనక వైపు కూర్చున్నా బొమ్మ కనిపిస్తుంది, అక్షరాలు మాత్రం తిరగేసి కనిపిస్తాయి.

క్లీవ్‌ల్యాండ్_జయపురం

మూకీలో మధ్యమధ్య ఇంగ్లీషు అక్షరాల పలకలు వస్తాయి చెల్లీ, ఎవరో ఒకరు గట్టిగా తెలుగులో, ఒడియాలో చదివి చెప్పాలి. ముందే ఒకసారి చూసి కాగితం మీద రాసి పెట్టుకో, చీకట్లో తడుముకోకుండా.

మహేంద్రతనయ

జరిగింది! శుక్రవారం ఇంట్లో గోడ మీద 'బంగారు పాప', శనివారం మేడ మీద 'ది జనరల్'.

శుక్రవారం తాతయ్య మొదటి నుంచి చివరిదాకా కుర్చీ లోంచి లేవలేదు. చిన్నప్పుడు డేరా టాకీలో రీలు మార్చేటప్పుడు ఆగిపోయేదట, ఆ గ్యాపులో బయట పల్లీలు కొనుక్కునేవారట. సినిమా సగంలో మమ్మల్ని ఆపమన్నారు. ఎందుకంటే చెప్పలేదు. అమ్మ లేచి వెళ్లి పల్లీలు వేయించి తెచ్చింది. తిన్నాకే మళ్లీ పెట్టమన్నారు.

శనివారం ఇరవై మంది దాకా వచ్చారు. ఏడు దాటాక కరెంటు పోయి అరగంట కూర్చున్నాం, ఎవరూ వెళ్లలేదు, మావుసీ ఇంటినుంచి ముడీ (మరమరాలు) కలిపి తెచ్చి పంచారు. తెలుగు పలకలు నేను చదివాను, ఒడియా మావుసీ మనవడు చదివాడు, తొమ్మిదో తరగతి, మొదట్లో గొంతు వణికింది, వంతెన దగ్గరకొచ్చేసరికి నాకంటే గట్టిగా చదివాడు. ఇంజను నదిలో పడినప్పుడు పిల్లలందరూ ఒక్కసారి లేచారు, దుప్పటి మీద వాళ్ల తలల నీడలే కనిపించాయి కాసేపు.

తాతయ్య అప్పుడే వచ్చే శనివారం ఏమిటని అడుగుతున్నారు. 'నైబర్స్' కోసం కెనడా వాళ్లకి మెయిల్ రాశాను, జవాబు వస్తే చెప్తాను. మా సాహి చివర ఉన్న రీడింగ్ రూము ఆయన్ని కూడా కలిశాను, ఆదివారం మధ్యాహ్నం హాలు ఖాళీయే, చూద్దాం అన్నారు. బరంపురం బాబాయ్ గారూ, 'మాయా మిరిగ' పదిమందిలో వేయాలంటే ఎవరిని అడగాలో మీకు తెలిస్తే చెప్పండి. అలాగే మాటలున్న సినిమా వేయాలంటే స్పీకరు కావాలి, దగ్గర్లో ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్క సాయంత్రానికి ఇవ్వగలరా?

గుణుపురం_గట్టు

నా దగ్గర ఉంది అక్కా. ఆదివారం పొద్దున్న రైలుకి నాన్నా నేనూ తెస్తాం.